కోరిక తీరిన మరునాడు



పోయిన నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. ఒక తల్లి వ్రాశారు. ఊరు, పేరు వేయవద్దని కోరారు గనుక వేయడం లేదు. ఆమె పెద్ద కుమారుడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. పండుగకు ఇంటికి వచ్చి, తమ్ముడిని, పిన్ని పిల్లలను చాప మీద కూర్చోబెట్టి, రంగురంగుల పాచికలు వేయిస్తూ రాత్రి పదకొండు దాకా ఒక ఆట ఆడించాడట. "అయ్యగారూ, ఆ ఆటలో శాపం తగిలిన కోరికలు ఉన్నాయి. చిన్నవాడు ఏదో కోరుకున్నాడు. అది తీరి వాడికే కీడైంది. వాడు ఏడ్చాడు, పెద్దవాడు నవ్వాడు. ఇలాంటి ఆట మన ఇళ్లలో ఉండవచ్చునా?" అని ఆమె ప్రశ్న.

ఈ ఉత్తరం రెండేళ్ల క్రితం వచ్చి ఉంటే నేను రెండు వాక్యాలలో జవాబు వ్రాసి ఊరుకునేవాడిని. అయితే పోయిన క్రిస్మస్ సెలవులలో ఆ ఆటలో నేనే కూర్చోవలసి వచ్చింది. కాబట్టి జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపికతో చదవండి.

మా అక్కగారి కూతురి కుటుంబం అమెరికాలో ఉంటుంది. వాళ్ల అబ్బాయికి పందొమ్మిదేళ్లు. సెలవులకు అమ్మమ్మ ఊరు వచ్చాడు. అక్క కొడుకు, అంటే నా మేనల్లుడు, ఆ ఊళ్లోనే కౌలు వ్యవసాయం చేస్తున్నాడు. అతనికి పన్నెండేళ్ల కూతురు, తొమ్మిదేళ్ల కొడుకు. కరెంటు పోయిన ఒక సాయంకాలం, వరండాలో ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని అమెరికా అబ్బాయి తన సంచీలోంచి పాచికలు తీశాడు. మన పాచికకు ఆరు ముఖాలే గదా. వాడి దగ్గర నాలుగు, ఎనిమిది, పది, పన్నెండు, ఇరవై ముఖాలవి కూడా ఉన్నాయి. "తాతయ్యా, మీరూ రండి. ఒకరు తక్కువయ్యారు" అన్నాడు. నాకు ఇచ్చిన వేషం ఏమిటనుకున్నారు? క్లెరిక్. అంటే మందిరపు సేవకుడు. గాయాలు మాన్పడం, శాపాలు విడిపించడం అతని పని. పిల్లలందరూ ఒకటే నవ్వు.

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు లేక్ జెనీవా పట్టణంలో ఉండే గ్యారీ గైగాక్స్, మిన్నెసోటా వాడైన డేవ్ ఆర్నెసన్ కలిసి తయారుచేయగా 1974లో అచ్చయింది. మొదట వేసినవి వెయ్యి పెట్టెలే. ఇందులో గెలుపు గడి లేదు. ఒకరు కథ నడుపుతారు, ఆయనను డంజన్ మాస్టర్ అంటారు. మనం ఆటపెద్ద అనుకుందాం. మిగిలినవారు తలొక పాత్ర తీసుకుని, ఆ కథలో తమ పాత్ర ఏమి చేస్తుందో నోటితో చెబుతారు. చేసిన పని ఫలిస్తుందో లేదో పాచిక తేలుస్తుంది. మన పల్లెల్లో రాత్రిపూట కథ చెప్పేవాడిని మధ్యలో ఆపి, "అలా కాదు, రాజకుమారుడు వెనక్కి తిరిగి ఉంటేనో?" అని పిల్లలు అడిగితే, ఆ కథకుడు సరేనని అటే నడిపిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

ఇక కోరికల సంగతి. మొదటి అచ్చు నుండే ఆ ఆటలో మూడు కోరికల ఉంగరం ఉంది. ఆ ఉంగరంతో పాటే పేచీ కూడా పుట్టింది. మూడు కోరికలు దొరికితే మనిషి బుద్ధి వెంటనే ఎటు పోతుంది? "నాకు ఇంకా కోరికలు కావాలి" అని ఒక కోరిక ఖర్చు పెడతాడు. ఇలాంటి పేరాశవాడిని ఉంగరం దొరికిన గడియకే వెనక్కి పంపి, అదే కాలంలో అంతులేకుండా గిరగిర తిరిగేలా చేయమని 1974 నాటి పుస్తకమే ఆటపెద్దకు సలహా ఇచ్చింది. గానుగెద్దు తిరిగినట్టు! 1978లో వచ్చిన పుస్తకంలో ఇంకొక ఉదాహరణ ఉంది. తన శత్రువు చచ్చిపోవాలని ఒకడు కోరుకుంటే, శత్రువును చంపనక్కరలేదు, కోరినవాడినే ఆ శత్రువు లేని భవిష్యత్కాలానికి తోసివేయవచ్చునట. కోరిక తీరినట్టే. కానీ కోరినవాడికి ఇప్పుడు ఊరూ లేదు, స్నేహితులూ లేరు, ఆటలో చోటూ లేదు.

కోరికకు ధర కూడా కట్టారు. 1989 కూర్పులో కోరిక మంత్రం వాడిన మాంత్రికునికి అయిదేళ్ల వయస్సు మీద పడేది. 2000 నాటి మూడవ కూర్పులో అతడు సంపాదించుకున్న అనుభవంలో 5,000 పాయింట్లు కరిగిపోయేవి. 2014 కూర్పులో మామూలు మంత్రాలకు బదులుగా కాక, పెద్ద కోరిక ఏదైనా కోరితే, కోరినవాని బలం కొన్ని రోజులపాటు పసివాడి బలమంతకు పడిపోతుంది. పైగా వాడు జన్మలో మళ్లీ ఆ మంత్రం వాడలేకపోయే అవకాశం నూటికి 33. కూర్పు మారినప్పుడల్లా ధర మారింది గానీ ఉచితంగా మాత్రం ఏనాడూ ఇవ్వలేదు.

ఈ ఆలోచన ఆటగాళ్లు కనిపెట్టినది కాదు. ఇంగ్లీషు రచయిత డబ్ల్యు. డబ్ల్యు. జాకబ్స్ 1902లో కోతి చేయి మీద ఒక కథ ప్రకటించాడు. ఆ ఎండిన చేతికి మంత్రం పెట్టినవాడు మన దేశపు ఫకీరే అని కథలో వ్రాశాడు. విధిని కాదని పోతే దుఃఖమే అని చూపించడానికి పెట్టాడట. ఒక ముసలి దంపతులు ఇంటి తాకట్టు విడిపించుకోవడానికి 200 పౌండ్లు కావాలని దానిని కోరతారు. మరునాడు వాళ్ల ఒక్కగానొక్క కొడుకు కార్ఖానాలో యంత్రంలో పడి చనిపోతాడు. కంపెనీవారు వచ్చి తమ తప్పేమీ లేదంటూనే పరిహారంగా చేతిలో పెట్టినది సరిగ్గా 200 పౌండ్లు. అంతకంటే ఎంతో పాతది గ్రీకుల కథ. ఉషస్సు తన ప్రియుడైన టిథోనసుకు మరణం లేకుండా వరం అడిగి, యౌవనం అడగడం మరచిపోయింది. అతడు చావలేక ముసలివాడవుతూనే ఉన్నాడు. మన పాఠకులకు ఇంతదూరం కూడా పోనక్కరలేదు. సంఖ్యాకాండము 11వ అధ్యాయములో అరణ్యములో మాంసము కావాలని ఏడ్చిన జనులకు ఒక రోజు కాదు, ఒక నెల దినములు సరిపడా మాంసము ఇస్తాననే మాట వచ్చింది. అడిగినదే వచ్చింది. ఆ పూరేళ్ల మాంసము పళ్ల సందున ఉండగానే జరిగినది మీకు తెలుసు.

ఉంగరం ఒక్కటే కాదు, ఆ ఆటలో నమ్మి చేయి పెడితే కాటువేసే వస్తువులు చాలా ఉన్నాయి. ఎన్ని సామాన్లు వేసినా పట్టే మాయ సంచీ ఒకటుంది. అచ్చంగా దానిలాగే కనిపించే మరొక సంచీ ఉంది. అది సంచీ కాదు, ఒక జంతువు నోరు. ఇంకా ఎఫ్రీట్ అనే అగ్నిభూతం ఉన్న సీసా ఒకటి ఉంది. అరబ్బుల కథలలోని ఇఫ్రీత్ నుండి తెచ్చుకున్నారు. మూత తీస్తే పదింట ఒక వంతు అది మీద పడి కొడుతుంది, పదింట ఒక వంతు మూడు కోరికలు ఇస్తుంది, లేకపోతే కాసేపు చెప్పిన పని చేసి పోతుంది.

ఇక్కడ అబ్బాయి చెప్పిన ఒక మాట నాకు బాగా నచ్చింది. "తాతయ్యా, కోరిక ఎవరు తీరుస్తున్నారో ముందు చూడాలి. ఎఫ్రీట్‌కి కట్టుబానిసగా ఉండడం కోపం. అది కావాలనే మాటను వంకర తిప్పుతుంది. ఉంగరానికి కోపం ఉండదు, మనసే లేదు. అది అడిగినంతా ఇచ్చేస్తుంది. తరవాత జరిగేదంతా లోకం చేసే పని." అనుభవమున్న మాట. కీడు చేసేది ఎవరో తెలియకుండా ఊరికే శాపం పెట్టే ఆటపెద్దలు చాలామంది ఉంటారట. లక్ష బంగారు నాణేలు కావాలని పిల్లవాడు అంటే, సరేనని ఆ లక్షా వాడి నెత్తిన పడవేసి చంపేస్తారు. అక్కడితో కథ అయిపోయింది. అందరూ నవ్వుతారు, ఒక్కడు తప్ప.

"మరి నువ్వయితే ఏమి చేస్తావు?" అని అడిగాను.

"లక్షా ఇస్తాను. ముందు సంతోషంగా ఖర్చు పెట్టుకోనిస్తాను. బంగారం గాలిలోంచి రాదు గదా, ఎక్కడిదో వస్తుంది. ప్రతి నాణెం మీదా రాజు ముద్ర ఉంటుంది. ఖజానా ఖాళీ అయిందని రాజు పన్ను పెంచుతాడు. నెలకి వీళ్ల ఊరి వాళ్లే పన్ను కట్టలేక వీళ్ల దగ్గరికి అప్పుకొస్తారు. అప్పుడు వీళ్లేం చేస్తారో చూడాలని నాకూ ఉంటుంది."

చనిపోయిన అన్న తిరిగి రావాలని ఒక స్నేహితుడు కోరుకున్నాడట. శవం లేచి వచ్చినట్టు భయపెట్టడం తేలిక. వీడు అలా చేయలేదు. అన్న ఆరోగ్యంగా, నవ్వుతూ వచ్చాడు, చనిపోయిన నాటి వయస్సుతోనే వచ్చాడు. పదేళ్లు గడిచాయి గనుక తమ్ముడు ఇప్పుడు అన్నకంటే పెద్దవాడు. ఇంట్లో పెద్దరికం ఎవరిది, పొలం ఎవరు దున్నాలి, అన్నకు నిశ్చయమై తరువాత మరొకరిని పెళ్లి చేసుకున్న ఆ అమ్మాయి ముఖం ఎలా చూడాలి? ఇందులో శాపం ఎక్కడా కనబడదు చూడండి. కోరిన మాటలోనే ఉంది అదంతా.

మరొక గుర్తు చెప్పాడు. ఆటగాళ్లు కోరికను రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజులా, నాలుగు పక్కలా హద్దులు వ్రాసి, ఏ పేచీకీ తావు లేకుండా చదవడం మొదలుపెట్టారంటే ఆ ఆటపెద్ద మీద నమ్మకం పోయిందని అర్థమట. వాళ్లు కథలో లేరు, కోర్టులో ఉన్నారు. నిజమే అనిపించింది. మాట పట్టుకుని మోసం చేసేవారి దగ్గర మనమూ అలాగే మాట్లాడతాము.

ఇప్పుడు మా వరండాకు వద్దాము. మూడవ రాత్రి ఆటలో, కొండ గుహలో ఆ ఉంగరం దొరికింది. రెండు కోరికలు ఎవరో అప్పటికే వాడేశారు, ఒకటి మిగిలింది. పాచిక ఎక్కువ పడింది మా పన్నెండేళ్ల పిల్లకు. కత్తి అడుగుతుందనుకున్నాడు తమ్ముడు, గుర్రం అడగమని చెవిలో గొణిగాడు కూడా. ఆ పిల్ల కాసేపు లైటు వైపు చూసి, "బావా, మా ఊరి అప్పులన్నీ తీరిపోవాలి" అంది.

ఆమె చెప్పింది ఆటలోని నది ఒడ్డు పల్లె గురించే. కానీ ఇంట్లో ఎరువుల కొట్టు బాకీ గురించి, ప్రామిసరీ నోట్ల గురించి ఆ వారమంతా ఏ మాటలు నడిచాయో అక్కడున్న పెద్దవాళ్లకు తెలుసు. లోపల గదిలో టీవీ ముందు కూర్చున్న మేనల్లుడు టీవీ చప్పుడు తగ్గించాడు. అబ్బాయి వెంటనే ఏమీ అనలేదు. "రేపు చెబుతాను" అని పాచికలు సంచీలో వేశాడు. ఆ రాత్రి వాడు నిద్రపోలేదని మా అక్క చెప్పింది.

వడ్డీ వ్యాపారులందరూ రోగమొచ్చి చనిపోయారని చెప్పవచ్చు, అది నెత్తిన బంగారం పోసే బాపతు. అప్పులన్నీ హాయిగా తీరిపోయాయి అని ఊరుకోవచ్చు, అది అబద్ధం, పైగా ఆ పిల్ల అంత తెలివితక్కువది కాదు.

మరునాడు రాత్రి వాడు మొదలుపెట్టాడు. తెల్లవారేసరికి వ్యాపారి పద్దు పుస్తకంలో ప్రతి కాగితమూ తెల్లగా ఉంది. తాకట్టు నగలు ఎవరి పెట్టెలో వారికి వచ్చి చేరాయి. ఊళ్లో డప్పులు, విందులు. అరగంటసేపు ఆ విందే నడిపాడు. మా పిల్ల ముఖం చూడవలసింది! నా క్లెరిక్ కూడా కిందటేడు నాలుగు బస్తాల విత్తనాలు అప్పు తెచ్చి ఉన్నాడు. అదీ పోయింది గదా అని నేను లోలోపల సంతోషించాను, దాచడమెందుకు.

మధ్యాహ్నానికి ఒక విధవరాలు వచ్చింది. కూతురి పెళ్లికని దాచుకున్న నలభై వెండి నాణేలు మర యజమానికి చేబదులు ఇచ్చింది. అతడు "నీకు నేనేమీ బాకీ లేనమ్మా" అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే లేడు. ఇవ్వవలసినవన్నీ పోతే రావలసినవీ పోతాయి గదా. వెనుకనే కోతకూలీలు వచ్చారు. అయిదు రోజులు పని చేశారు, కూలి శనివారం ఇవ్వాలి. అదీ అప్పే, అదీ పోయింది. సాయంకాలానికి ఇంకొకటి బయటపడింది. వచ్చే పంటకు విత్తనాలు అరువడిగితే ఊళ్లో ఒక్కరూ ఇవ్వడం లేదు. ఇస్తే ఏ ఉంగరం మళ్లీ తుడిచేస్తుందోనని భయం.

నాకు ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయము గుర్తుకు వచ్చింది. ఏడేళ్లకొకసారి అప్పులు విడిచిపెట్టమన్న ఆ ధర్మమే, విడుదల సంవత్సరము దగ్గరపడిందని బీదవానికి అప్పు ఇవ్వక చేయి బిగపట్టవద్దని కూడా హెచ్చరించింది. మనిషి చేయి ఎప్పుడు ముడుచుకుంటుందో ముందే తెలిసి వ్రాసిన మాట. ఈ అబ్బాయికి ఆ అధ్యాయము తెలియదు. అప్పు అనే మాటను పట్టుకుని దాని రెండవ కొస ఎక్కడుందో వెదుక్కుంటూ పోయాడు, అంతే.

పిల్ల ఏడవలేదు. చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, "ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో కాగితం మీద పోయింది గానీ మనుషులకు జ్ఞాపకం ఉంటుంది గదా, బావా?" అంది. వాడి ముఖం వెలిగింది. ఆ తలుపు వాడు తెరిచి ఉంచినదే. అక్కడి నుండి రెండు రాత్రులు ఆ ఊళ్లో రచ్చబండ దగ్గర లెక్కలే. తమ్ముడి పాత్ర కత్తి పక్కన పెట్టి సాక్ష్యాలు వ్రాసుకోసాగింది. ఒప్పుకునేవారు కొందరు, మొండికేసేవారు కొందరు. మర యజమానిని ఒప్పించడానికి ఇరవై ముఖాల పాచిక మూడుసార్లు వేయవలసి వచ్చింది. రెండవ రాత్రి మేనల్లుడు వరండాలోకి వచ్చి గడప మీద కూర్చున్నాడు. ఆటలోకి రమ్మంటే రానన్నాడు. కాసేపటికి, "ఇంతకీ ఆ ముసలమ్మ డబ్బు ఏమైంది?" అని అడిగాడు.

అమ్మా, మీ ఉత్తరంలో భయం నాకు అర్థమైంది. ఈ ఆట మీద భయపడినవారిలో మీరు మొదటివారు కాదు. అమెరికాలో 1983లో, కుమారుని పోగొట్టుకున్న ప్యాట్రిషియా పుల్లింగ్ అనే తల్లి ఈ ఆటకు వ్యతిరేకంగా ఒక సంఘమే పెట్టింది. అనేక సంఘాల కాపరులు ఆ కాలంలో దీనిని దయ్యపు ఆట అన్నారు. ఆమె దుఃఖాన్ని నేను తేలిక చేయను. అయితే ఆమె వేసిన వ్యాజ్యాలు నిలువలేదు. 1989 కూర్పులో కంపెనీవారు దయ్యాల పేర్లు తీసివేశారు, తరువాత మళ్లీ చేర్చారు. ఆ పేర్లు మీ ఇంట వద్దనుకుంటే మీ అబ్బాయితో చెప్పండి. కథ నడిపేది అతడే గనుక అవి లేకుండానే నడపగలడు.

కానీ మీరు వ్రాసిన వాక్యాలలో నాకు బాధ కలిగించినది శాపం కాదు. చిన్నవాడు ఏడ్చాడు, పెద్దవాడు నవ్వాడు అన్న చోట ఆగిపోయాను. చిన్నవాడు ఏమి కోరుకున్నాడో మీరు వ్రాయలేదు. బహుశా ఎవరూ అడిగి ఉండరు. అడగండి. పిల్లలు ఆటలో కోరేది ఊరికే కోరరు. తరువాత పెద్దవాడికి ఫోన్ చేసి, వచ్చే సెలవులలో కథను అక్కడి నుండే ఎత్తుకోమనండి. తమ్ముడికి జరిగిన కీడులోంచి బయటపడే దారి ఒకటి పెట్టమనండి. శాపం విడిపించే మంత్రం ఆ ఆటలో ఎప్పటినుండో ఉంది, నా క్లెరిక్‌కు కూడా వచ్చు. వీలైతే మీరూ చాప మీద కూర్చోండి. పాత్ర తీసుకోనక్కరలేదు, మా మేనల్లుడిలా గడప మీదైనా సరే.

అబ్బాయి అమెరికా తిరిగి వెళ్లాడు. ఇప్పుడు ఆదివారం సాయంకాలాలు ఫోన్‌లో ముఖాలు చూసుకుంటూ ఆడుతున్నాము. పాచికలు మాత్రం ఇక్కడే వదిలి వెళ్లాడు. విధవరాలికి నలభై నాణేలలో ముప్పై ఒకటి చేరాయి. నా నాలుగు బస్తాల సంగతి ఎవరికీ జ్ఞాపకం లేదు. ఏ సాక్షీ చెప్పలేదు కూడా. రెండు వారాలు మాట్లాడకుండా ఉండి, పోయిన ఆదివారం నేనే బయటపెట్టాను. మా పిల్ల నవ్వి, "అయితే తాతయ్యా, బండి దొరుకుతుందేమో పాచిక వేయండి" అంది. మూడు పడింది. ప్రస్తుతానికి ఒక్కొక్క బస్తా భుజాన మోసుకుని వెళుతున్నాను.